బొమ్మ వెనక చూసే బావ

మా బావకి ఏ బొమ్మనైనా వెనక్కి తిప్పి చూస్తేగాని తోచదు. మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజే గోడమీద తాతయ్య ఫొటో దించి, వెనక అట్ట పరిశీలించాడు. అప్పుడే మావాళ్లు మేలుకోవలసింది. మేలుకోకుండా అక్కనిచ్చి పెళ్లి చేశారు.

ఆయన జబ్బు పాత టీవీ కార్టూన్ల బొమ్మలు. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో, పిల్లి ఒక అడుగు వేయాలంటే గాజులాంటి ప్లాస్టిక్ రేకుల మీద పన్నెండు పిల్లుల్ని చేత్తో వేసేవారట. ముందువైపు గీతలు, వెనకవైపు రంగులు. ఈయన ఆ రేకులు కొని, ఫ్రేములు కట్టించి, వెనకవైపు కనబడేలా తగిలిస్తాడు. ఇంటికొచ్చినవాళ్లు గోడ నిండా రంగు మరకలు చూసి, సున్నం ఎప్పుడు వేయిస్తారని అడుగుతుంటారు.

"బావా, బొమ్మ తిరగబడింది" అన్నాను ఒకసారి.

"ముందువైపు టీవీలో అందరూ చూశారు. వేసిన మనిషి చెయ్యి కనబడేది వెనకే" అన్నాడు.

ఆ మనిషి చెయ్యి కనబడాలి గాని ఇంకెవరి చెయ్యీ తగలకూడదు. దుమ్ము దులపాలన్నా అక్క గ్లవుజులు తొడుక్కోవాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ రేకుల గదిలోనే. వేడికి రంగు పెచ్చులూడుతుందట. పెళ్లాం పిల్లలు ఉడికిపోయినా ఫర్వాలేదు.

మొన్న ఆ పిచ్చి ముదిరి పాకాన పడింది. నిక్షేపంలాంటి మూడు రేకులిచ్చి ఒక్క రేకు తెచ్చుకున్నాడు. అందులో ఎర్ర పిల్లికి ఒక చెవి ఆకుపచ్చ.

"మూడు మంచివిచ్చి ఒక తప్పు తెచ్చారా?" అంది అక్క.

"దీనికోసం ఇరవయ్యేళ్లుగా వెతుకుతున్నాను."

"తమ్ముడూ, ఈయన్ని డాక్టరుకి చూపించరా."

చూపిద్దామనే స్కూటరు తీశాను. రేకును గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ఆయన నన్ను డాక్టరు వీధి దాటించి ఒక మేడమీది గదికి తీసుకెళ్లాడు. అక్కడ చూపు మందగించిన ఒక పెద్దావిడ ఉంది. బావ చిన్నప్పుడు వాళ్ల పక్కింట్లో ఉండేదట, కార్టూన్లకి రంగులు వేసేదట. ఆ పచ్చ చెవి టీవీలో కనబడ్డందుకు ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. "వేసింది నేను కాదు" అంటే బావ తప్ప ఎవరూ నమ్మలేదు.

"దొరికింది పెద్దమ్మా" అంటూ బావ రేకును తిరగేసి ఆవిడ చేతుల్లో పెట్టాడు. గ్లవుజుల ఊసే లేదు.

ఆవిడ పిల్లి చెవిని వేలితో తడిమింది. మళ్లీ తడిమింది.

"నేను రంగు పరిచేదాన్ని, ఇలా మెత్తేదాన్ని కాదు. అంచున గట్టు కట్టడం నా పక్క కుర్చీలో కూచునేదాని అలవాటు. నలభై ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను."

"ఇప్పుడేం చేద్దాం?"

"ఏం చేస్తాం? చంటిపిల్లతో నిద్రలేక బల్లమీదే తూగేది పాపం. పోనీలే. నేను కాదని తేలిందిగా, అది చాలు" అని హాయిగా నవ్వింది.

ఇన్నేళ్లూ ఆయన్ని వెక్కిరించినందుకు నాకు సిగ్గేసింది. ఆ గట్టేదో నేనూ తడిమి చూద్దామని వేలు చాపాను.

"చెయ్యి తియ్యి" అన్నాడు బావ, జేబులోంచి గ్లవుజులు తీసి నా ఒళ్లో పడేస్తూ.