లాభం, రెండు, మూడు

పోయినవి ముందు చెబుతాను. ఒక మూడు టన్నుల బండి. ఆరు నీళ్ళ పీపాలు. డ్రైవరు చేతి గడియారం. అతని కుడి మోకాలి కింద ఎముక, రెండు చోట్ల. ఆ తర్వాత ఆసుపత్రిలో కొన్ని ఊపిరులు.

ఎనభైల మధ్యలో ఒక మే నెల. మా దళం బండి టాటానగర్ పక్కనున్న మాంగో దాటాక రోడ్డు దిగి బోల్తా పడింది. నేను ఫిరంగి దళంలో హవల్దారుని. గుండు ఎంత దూరం పోతుందో లెక్క కట్టడం నా పని. ఐదో తరగతితో చదువు ఆగింది. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. మర్నాడు ఉదయం ఆరూ నలభైకి టాటానగర్‌లో రైలు దిగాను. ఒక కిట్‌బ్యాగు, ఒక నీళ్ళసీసా, సెకన్ల ముల్లున్న గడియారం. మా దళం అధికారి అడ్జుటెంటు ఆజ్ఞ ఒక్కటే: "డ్రైవరును కాలితో సహా తీసుకురా."

డ్రైవరు విజయనగరం వైపు కుర్రాడు. మంచం మీంచే సెల్యూట్ కొట్టాడు.

"బండి పోనాది ఉస్తాద్. నా జీతంలో కోత్తారా?"

"నీ మనవడి జీతంలో కూడా కోత్తారు. పడుకో."

తొమ్మిదింటికి ఆపరేషన్. మత్తు డాక్టరు హిందీలో వివరంగా చెప్పారు. నడుము దగ్గర వెన్నులోకి సూది ఇస్తారు. కాళ్ళు మొద్దుబారతాయి, మనిషి మెలకువగానే ఉంటాడు. ఆ మత్తు మూడు నాలుగు గంటల్లో దిగిపోతుంది. అందులో చిటికెడు మార్ఫిన్ కలిపితే దాదాపు ఒక రోజు నొప్పి తెలియదు. పద్ధతి కొత్తది. "కానీ ఊపిరి నెమ్మదించవచ్చు. వెంటనే కాదు, కొన్ని గంటలయ్యాక. రేపు ఉదయం దాకా గంటగంటకీ లెక్కపెట్టాలి. నిమిషానికి పది కంటే తగ్గితే నన్ను పిలవాలి."

నాకు నమ్మకం కుదరలేదు. సరిహద్దులో మార్ఫిన్ అంటే తొడలోకి ఒక ఆంపూలు, ఆ గాజుబుడ్డి మొత్తం. ఇక్కడ ఆంపూలులో పదిహేను మిల్లీగ్రాములు ఉంటే వెన్నులోకి వెళ్ళింది అర. మిగతా పద్నాలుగున్నర ఎక్కడికి పోయింది?

వార్డులో డ్యూటీ నర్సు మనవాడే, తెలుగు. ఊళ్ళోనే బారిడీహ్‌లో ఇల్లు, ముప్పై ఏళ్ళుంటాయి. వాణ్ణే అడిగాను.

"సింకులో పారబోసినాం బాబూ. ఇద్దరం సంతకాలెట్టినాం."

సంతకాలు చూశాను. రెండూ ఒకే సిరా. అనుమానం పెరిగింది.

బయట నలభై మూడు డిగ్రీలు. ఫ్యాను వేడిగాలే కొడుతోంది. డ్రైవరుకు నొప్పి లేదు. పన్నెండు నుంచీ ముక్కు గోక్కుంటున్నాడు. మందు వల్ల దురద మామూలేనని నర్సు అన్నాడు.

"కాలు నాది కాదుస్తాద్, సర్కారుది," అని నవ్వుతూ గోక్కున్నాడు.

మూడు దాటాక మంచం దగ్గరి కాగితం తిరగేశాను. ఊపిరులు: ఇరవై, పదహారు, పదహారు, పదహారు. అన్నీ నాలుగుతో భాగం పోయేవే. మనిషి ఊపిరి అలా నాలుగేసి చొప్పున ఉండదు. కూర్చున్నచోటే రాస్తున్నాడనుకున్నాను. మందు అమ్ముకునేవాడు అంకెలు కల్పించడా? నాలుగింటికి నేను వార్డులో లేను. ఆపరేషన్ గదిలో సింకు పక్క చెత్తడబ్బాలో ఖాళీ ఆంపూలు వెతుకుతున్నాను. దొరికింది. ఒకటే ఉంది, ఒకటే ఉండాలి.

ఐదింటికి నర్సు పక్కనే నిలబడ్డాను. వాడు డ్రైవరు ఛాతీ చూస్తూ పెదాలు కదిపాడు.

"లాభం... రెండు... మూడు."

నాలుగు పెట్టి హెచ్చించి, పన్నెండు అని రాశాడు.

"లాభమేటి?"

"మా తాత జుగ్సలాయి గోదాంలో బియ్యం కొలిసీవోడు బాబూ. మొదటి కుంచాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాల. నాకూ అదే నోటికి పట్టీసింది."

"ఎంతసేపు సూసినావు?"

"పావు నిమసం. అందరం అలాగే సూత్తాం."

అప్పుడు అర్థమైంది. వాడు అబద్ధం రాయలేదు. బియ్యంలో లాభం అన్న కుంచం నిండుగానే ఉంటుంది. ఊపిరిలో అది గడియారం మొదలయ్యే చోటు మాత్రమే, లెక్కలోకి రాదు. శత్రువు ఫిరంగి మెరుపు చూసి చప్పుడు దాకా లెక్కపెట్టేటప్పుడు మెరుపు దగ్గర మేము సున్నా అంటాం.

"లాభం తీసీ," అన్నాను. "సున్నా నుంచి సూడు. నిమసం నిండా."

గడియారం నేను పట్టుకున్నాను. ఇద్దరం లెక్కపెట్టాం. ఎనిమిది.

అప్పుడు డ్రైవరు ముఖం చూశాను. ముక్కు వైపు లేచిన చెయ్యి గడ్డం మీద ఆగిపోయి ఉంది. నిద్రపోతున్నాడనుకున్నాం ఇద్దరం. పిలిచాను. పలకలేదు.

నర్సు పరిగెత్తాడు. డాక్టరు నాలుగు నిమిషాల్లో వచ్చారు. ఆక్సిజన్ పెట్టారు, నరంలోకి విరుగుడు మందు ఇచ్చారు. నేను చెవి దగ్గర "ఊపిరి తియ్" అని ఆజ్ఞ ఇస్తూనే ఉన్నాను. ఆరింటికి పద్నాలుగు, పూర్తి నిమిషం. కాలికి నొప్పి తిరిగొచ్చింది. డ్రైవరు నన్నూ డాక్టరునూ కలిపి తిట్టాడు. ఆ తిట్లు వింటూ మొదటిసారి కూర్చున్నాను.

నర్సు ఐదింటి పన్నెండును కొట్టెయ్యబోయాడు. వద్దన్నాను. పక్కన ఎనిమిది వేయించాను. పై గడిలో నాలుగింటిది కూడా పన్నెండే ఉంది.

"దీనికేటి రాయమంటారు బాబూ? మీరూ లేరు కదా."

ఆ గడి పక్కన ఖాళీగా వదిలెయ్యమన్నాను.

పన్నెండో రోజు డ్రైవరును కాలితో సహా రైలెక్కించాను. అడ్జుటెంటుకు రిపోర్టు ఇచ్చాను. ఇప్పుడు పింఛను మీద ఇంట్లో ఉన్నాను. ఎవరైనా మధ్యాహ్నం నిద్రపోతూ గడ్డం మీద చెయ్యి పెట్టుకుంటే గడియారం తీస్తాను. సున్నా నుంచి మొదలుపెడతాను. ఆ రోజు ఐదింటికి పోయిన ఊపిరులు నిమిషానికి నాలుగు. నాలుగు గంటల నాటి అంకె మాత్రం ఈనాటికీ బాకీ.