కలవని మెలిక

నాకు కోపం వస్తే బొమ్మ వేస్తాను. దుఃఖం వచ్చినా అంతే. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగు కౌంటరులో కూర్చునే మనిషికి ఈ రెండూ పుష్కలంగా వస్తాయి, ఒక్కటి కూడా పైకి చూపించే వీలుండదు. కొండ నడిచి ఎక్కి మోకాళ్లు పట్టేసి వచ్చిన యాత్రికుడికీ, బావమరిది పెద్ద ఆఫీసరని చెప్పి క్యూ దాటి వచ్చే పెద్దమనిషికీ అద్దం వెనక నుంచి ఒకటే నవ్వు నవ్వాలి. ఇంటికి చేరేసరికి దవడలు నొప్పి పుడతాయి. అప్పుడు కాఫీ కలుపుకుని డైరీ తీస్తాను.

డైరీ అంటే రాసుకునేది కాదు. మందుల కంపెనీవాళ్లు కొత్త సంవత్సరానికి ఊరికే పంచుతారే, ప్రతి పేజీ అడుగునా ఏదో ఒక మాత్ర బొమ్మ ఉంటుంది, అది. నా రంగులు కూడా అంతంత మాత్రమే. పసుపు, కుంకుమ, కాఫీ డికాషను, బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు, పిల్లలు వాడే క్రేయాన్లు. క్యూ దాటి వచ్చిన పెద్దమనిషిని ఒక పేజీలో కాకరకాయగా వేశాను. మీసాలున్న కాకరకాయ. మర్నాడు ఆయన మళ్లీ వచ్చినప్పుడు నాకు నిజంగానే నవ్వొచ్చింది, ఆయన ముచ్చటపడి క్యూలో నిలబడ్డాడు. ఇంతకంటే ఏం కావాలి?

మా ఆసుపత్రిలో కౌన్సెలింగు చేసే అమ్మాయి ఒకరోజు ఈ డైరీ తిరగేసి, "అక్కా, దీన్ని ఆర్ట్ జర్నలింగ్ అంటారు. మనసులో ఉన్నదాన్ని బయట పెట్టుకునే పద్ధతి. మేం పేషెంట్ల చేత చేయిస్తాం" అంది. ఆ బిల్లు ఏ పద్దు కింద వేస్తారో చెప్పమని అడిగాను. ఆ పిల్ల నవ్వింది గానీ, నేను చేసే పనికి ఒక పేరుందని తెలిశాక నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

నేను మాత్రం ఏ పద్ధతీ తెలిసి మొదలుపెట్టలేదు. అమ్మ పోయిన తర్వాత వాకిట్లో ముగ్గు వేయనివ్వలేదని మొదలుపెట్టాను.

మా ఇంట్లో ఆ పట్టింపు గట్టిది. మనిషి పోయిన ఇంటి ముందు ఏడాది తిరిగేదాకా ముగ్గు పడకూడదు. పెద్దకర్మ అయ్యాక ఒక ఉదయం ఉండబట్టలేక ముగ్గుపిండి డబ్బా పట్టుకుని బయటికి వచ్చాను. పక్క వీధిలో ఉండే మా మేనత్త అప్పుడే వస్తూ చూసింది.

"ఏందమ్మే, ఏడాది తిరక్కుండానే ముగ్గేస్తావా? సూసినోళ్లు ఏమనుకుంటారు?" అంది.

"ఏమనుకుంటారో అనుకోనీ అత్తా."

"అనుకునేది నిన్ను గాదు. మీ నాయన్ని అనుకుంటారు."

డబ్బా లోపల పెట్టేశాను. ఆ సాయంత్రమే డైరీ తీసి, అందులో చుక్కలు పెట్టాను.

అమ్మ పుట్టిల్లు చిత్తూరు అవతల, తమిళ సరిహద్దు దగ్గర. ముగ్గుని అప్పుడప్పుడు కోలం అనేది. పువ్వులు, రథాలు, రంగులు ఆమెకు నచ్చేవి కావు. చుక్కల చుట్టూ గీత తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసే మెలికల ముగ్గే వేసేది. పండగలకు వేరే వేరేవి వేసినా, మామూలు రోజుల్లో ఎప్పుడూ ఒకే ముగ్గు. నేను దాని మీదుగా బడికి వెళ్లాను, కాలేజీకి వెళ్లాను, ఉద్యోగానికి వెళ్లాను. అంతగా చూసిన ముగ్గు కళ్లు మూసుకుని వేసేస్తాననుకున్నాను. నా మీద నాకు అంత నమ్మకం.

వేస్తే కలవలేదు. చుక్కలు సరిపోయాయి, మెలికలు తిరిగాయి, చివరికొచ్చేసరికి కుడి మూలలో గీత తెగిపోయింది. మళ్లీ వేశాను. మళ్లీ అదే మూలలో తెగింది. మెలికల ముగ్గులో గీత తెగితే అది ముగ్గే కాదు. అమ్మ ముగ్గులో ఆ మూల కాస్త వంకరగా, అతుకు వేసినట్టు ఉండేదని మాత్రం గుర్తుంది. చిన్నప్పుడు "అమ్మా, ముగ్గు చిరిగిపోయిందా, కుట్టినావా?" అని వెక్కిరించేదాన్ని. అమ్మ "ఉండనీలే" అని నవ్వేది. ఆ అతుకు తప్పు అనే నా లెక్క. తప్పు లేకుండా వేయాలని చూస్తున్నాను, వేయలేకపోతున్నాను.

అలా ఆ డైరీ నిండుతూ పోయింది. కొన్ని పేజీల్లో ముగ్గు తెగిన చోట కోపం కొద్దీ కుంకుమ మెత్తాను. ఒక పేజీ మొత్తం పసుపు, అది అమ్మ పాదాలు. ఇంకొక పేజీ డికాషనుతో నల్లగా అలికేసి మధ్యలో ఒక్క చుక్క వదిలాను. అమ్మ పోయిన రోజు నేను ఏడవలేదు. ఆసుపత్రి కాగితాల పని నాకు అలవాటు గనక అన్నీ నేనే చూసుకున్నాను, అందరూ ధైర్యవంతురాలన్నారు. ఆ నల్ల పేజీ వేసిన రోజు మాత్రం అది ఆరేదాకా దాని ముందు నుంచి లేవలేదు. నాకు ఇది పనికొస్తున్నదని అప్పుడే అర్థమైంది. ఏడాది తిరిగిన మర్నాడు మా వాకిట్లో పడే మొదటి ముగ్గు అమ్మదే కావాలని ఆ రోజే పంతం పట్టాను. పంతం పడితే నేను వదలను.

మా ఇంట్లో ఇంకొక పంతగాడు ఉన్నాడు. మా నాయన. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఆ ఇంట్లో ముందు నుంచీ ఉన్నది ముగ్గురమే, పెళ్లి అనే పని నేను పెట్టుకోలేదు. అమ్మ పోయిన దగ్గర నుంచి నాయన వీధి తలుపు వాడటం మానేశాడు. పాలకు పోవాలన్నా, టీ కొట్టుకు పోవాలన్నా వెనక తలుపు తీసి, మురుగు మోరీ పక్కన బైకులు పెట్టిన సందులోంచి గోడ పట్టుకుని పోయేవాడు. తడి పాచి మీద ఒకసారి జారి మోచెయ్యి గీసుకున్నాడు. నేను అరిచాను. బతిమాలాను. సందులో పూలకుండీలు అడ్డం పెట్టాను. ఆయన కుండీలు పక్కకు జరిపి పోయాడు. ఇంకోసారి పడితే తుంటి ఎముక పోతుంది, అలాంటి బిల్లులు కొట్టే మనిషిని నేను, నాకు తెలియదా? రోజూ డ్యూటీలో ఉన్నా మనసు ఆ సందులోనే ఉండేది.

ఏడాది దగ్గరపడింది. ఒక ఆదివారం మధ్యాహ్నం వసారాలో కూర్చుని మళ్లీ వేస్తున్నాను. మళ్లీ అదే మూల. విసుగొచ్చి పేజీ చింపి ఉండ చేసి విసిరితే, వెళ్లి నాయన కుర్చీ కింద పడింది. ఆయన వంగి తీసి, మోకాలి మీద పెట్టుకుని సాపు చేశాడు. నా బొమ్మలు ఆయన ఎప్పుడూ చూసింది లేదు.

"ఇదేంది, మీ అమ్మ ముగ్గా?"

"ఔ నాయనా. ఎన్ని తూర్లు ఏసినా ఈ మూల కలవడం లేదు."

"కలవదు. ఒకే గీతగా ఏస్తే యాడ కలస్తాది? మీ అమ్మ రెండు తూర్లుగా గదా ఏసేది."

నాకు అర్థం కాలేదు. ఆయన లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. కాగితాన్ని తిప్పి గడప ఉండే వైపు కిందికి వచ్చేటట్టు పెట్టి, కుడి మూల చుక్క మీద బొటనవేలు ఆనించాడు.

"ఈ సుక్క మొదట ఉండదు. ఈడ నా కాలు పడేది. నేను మొదటి బస్సుకు చీకట్నే పోతా ఉంటి. అప్పటికే ముగ్గేసి ఉంటాది. స్టీరింగు పట్టేవాడు ముగ్గు తొక్కి పోకూడదని మీ అమ్మకు పట్టింపు. మెట్టు దిగంగానే కుడికాలు పెట్టేదానికి ఈ సోటు ఇడిసి పెట్టి, నీళ్ల చెంబు పట్టుకుని పక్కన నిలబడేది. నేను పోయినంక సుక్క పెట్టి మూల మూసేది. నువ్వు లేసేసరికి ముగ్గు నిండుగా ఉండేది, అంతే."

"రిటైరైనంక కూడానా?"

"అప్పుడు గూడా. పాలకు పోతా ఉంటి గదా."

నేను ఆ అతుకు వైపే చూస్తున్నాను. అమ్మ తప్పు వేసిందని వెక్కిరించింది దాన్నే. అలా చూస్తూనే అడిగాను.

"మరి ఈ ఏడాదంతా ఎనక తలుపున ఎందుకు పోతా ఉండావు నాయనా?"

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, మళ్లీ విప్పాడు.

"ముందర యాడ కాలు పెట్టాల్నో తెలీడం లేదు పాపా."

అప్పుడు ఏడ్చాను. దాచుకోకుండా, గట్టిగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. నాయన నా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఆ రాత్రి డైరీలో ఏమీ వేయలేదు, వేయాల్సిన అవసరం కనిపించలేదు.

సంవత్సరికం బాగా జరిగింది. మర్నాడు తెల్లవారుజామున లేచి కళ్లాపి చల్లి చుక్కలు పెట్టాను. ఒక్క చుక్క వదిలేశాను. గీత ఆ మూలకొచ్చి ఆగింది. ఈసారి అది తెగినట్టు అనిపించలేదు. చెంబు పట్టుకుని పక్కకు జరిగి నిలబడ్డాను.

నాయన పాల సంచి పట్టుకుని వసారాలోకి వచ్చి, అలవాటుగా వెనక్కి తిరిగాడు. మళ్లీ ఆగి వాకిలి వైపు చూశాడు. నేను నోరు మెదపలేదు. నాలాంటిదానికి అది చిన్న పని కాదు. ఆయన నెమ్మదిగా గడప దాటి, మెట్టు దిగి, కుడికాలు ఆ ఖాళీలో పెట్టాడు. పిండి ఒక్క రేణువు కూడా చెదరలేదు.

"మీ అమ్మ ఇంకొంచెం ఎడల్పు ఇడిసేది" అన్నాడు, వీధిలోకి నడుస్తూ.

ఆయన మలుపు తిరిగేదాకా చూసి, కూర్చుని చుక్క పెట్టి ఆ మూల మూశాను.