శుక్రవారం రాత్రి వైరస్

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లాల్సిన రోజులవి. ఎనభైల చివర్లో ఆదోనిలో అలాంటి ఒక గదికి కాపలాదారు, పూజారి, ఆపరేటరు అన్నీ నేనే. మా యజమానిని ఊరంతా గడియారాలన్న అనేవారు. ఏళ్ల తరబడి కంటికి భూతద్దం తగిలించుకుని వాచీలు బాగుచేసిన మనిషి, బెంగుళూరులో ఎవరో కంప్యూటరు జాతకాలు వేసి మేడలు కట్టారని విని, ఉన్నదంతా ఊడ్చి ఒక మిషన్ కొన్నాడు. ఆదోని గాలిలో దూది ఎప్పుడూ ఎగురుతూనే ఉంటుంది కాబట్టి, సాయంత్రం కాగానే దాని మీద పట్టుపంచె కప్పేవాళ్లం (ఆ పంచె ఆయన పెళ్లినాటిది, ఆ విషయంలో వాళ్లావిడ నన్ను ఎన్నడూ క్షమించలేదు). పుట్టిన తేదీ, సమయం, ఊరు కొడితే చాలు, ప్రింటరు కర్రుమంటూ జాతకం కక్కేది. లోపల ఏం జరుగుతుందో నాకు ఇసుమంతైనా తెలియదు గానీ, అంతా తెలిసినవాడిలా తల పంకించడం మాత్రం మొదటి వారంలోనే నేర్చుకున్నాను. మా ఇంట్లో ఉన్న నా జాతకాన్ని చెదలు తినేశాయి. అందుకని నా నక్షత్రం కూడా ఆ మిషన్ చెప్పిందే.

అప్పుడే ఎమ్మిగనూరులో ఒక బడి అయ్యవారి అమ్మాయిని చూడ్డానికి వెళ్లాం. పెద్దవాళ్లు మాటల్లో ఉండగా, ఆ అమ్మాయి కాఫీ ఇస్తూ మెల్లగా అడిగింది: “కంప్యూటరు తప్పు సెప్పదంట, నిజమేనా?” నేను వెనక్కి వాలి, “తప్పంటే ఏమిటో దానికి తెలీదు” అన్నాను. ఆ వాలడంలో కాఫీ సగం నా చొక్కా మీద పడింది. “అయితే మీకంటే అదే మేలు” అని ఆమె ఫక్కున నవ్వి లోపలికి వెళ్లిపోయింది. అంతే, నా పని అయిపోయింది. తిరుగుబస్సులో మా అమ్మ కట్నకానుకల గురించి కాదు గానీ కోడలి ఎత్తు గురించి ఏదో అంటోంది, నాకు ఒక్క ముక్క వినపడలేదు. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలి, లేకపోతే లేదు అనుకున్నాను. వాళ్ల సిద్ధాంతి పేర్లను బట్టి చూసి బాగుందన్నాడట. అయ్యవారికి మాత్రం అది చాలలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆయన గొడుగు చంకలో పెట్టుకుని మా షాపుకు వచ్చాడు. “మన మిషన్లోనే సూస్తే పోతాది గదప్పా. బళ్లారి సంబంధమోళ్లు రేపు వస్తాండారు. ఈ పొద్దే ఒక మాట తేలిపోవల్ల” అన్నాడు. బళ్లారి మాట వినగానే కీబోర్డు ముందుకు లాక్కున్నాను. తన కూతురు పుట్టింది శుక్రవారం రాత్రి మూడు గంటలకని చెప్పి, ఆ శుక్రవారం తేదీ చెప్పాడు. కొట్టాను. నా వివరాలు మిషన్లో ఎలాగూ ఉన్నాయి. ప్రింటరు కర్రుమంది. ముప్పయ్యారు గుణాలకు పదకొండు! పక్కన, పొంతన లేదు అని అర్థమొచ్చే ఇంగ్లీషు ముక్క ఒకటి.

అయ్యవారు కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. “ఏమప్పా, మా పాపది రోహిణి గదా. ఇది కృత్తిక అంటాండాదేంటికి?” అన్నాడు. నాకు ఆ క్షణంలో ప్రాణం లేచొచ్చింది. మిషన్ తప్పు చెబుతోంది! వెంటనే ఇంకో భయం పట్టుకుంది. కంప్యూటర్లకు వైరస్ అనేది పట్టి, లోపలున్నదంతా తారుమారు చేస్తుందని, అది ఫ్లాపీల ద్వారా వస్తుందని పేపర్లో చదివి ఉన్నాను. కిందటి వారమే టైపు ఇన్‌స్టిట్యూట్ స్నేహితుడొకడు కార్ల పందెం ఆట ఉన్న ఫ్లాపీ తెచ్చాడు. గడియారాలన్న భోజనానికి పోయినప్పుడల్లా నేను ఆ కారు తోలుతూనే ఉన్నాను. “సార్, దీనికి వైరస్ పట్టింది” అనేశాను.

వెనకనుంచి గడియారాలన్న నా భుజం పట్టుకుని పక్కకు లాగాడు. “అంగట్లో కూసోని నువ్వే అట్లంటే ఇంగెవురొస్తారప్పా ఈడికి? నా కొంప ముంచుతావా?” అని పళ్ల మధ్యనుంచి అన్నాడు. ఆయన కొంప నిజంగానే ఆ మిషన్ కింద తాకట్టులో ఉంది. ఇటు చూస్తే అయ్యవారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటున్నాడు. “రోగమొచ్చిన మిషన్ని నమ్మి పిల్లనెట్లిచ్చేది నాయనా. బస్సుకు టైమాయె” అన్నాడు. గోడ నిండా పాత గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తోంది. నేను వాటిలో అన్నిటికంటే వెనకబడ్డదాన్ని చూపించి, “ఇంకా చాలా టైముంది సార్, కూర్చోండి” అని బతిమాలాను.

ఆ తర్వాత నేను చేసినవి చెప్పుకుంటే సిగ్గుచేటు. మిషన్ ఆర్పి వెలిగించాను. ఆట ఫ్లాపీని తీసి, అది ఎగిరి మళ్లీ లోపల దూరుతుందేమోనన్నట్టు, గది బయట చెప్పుల పక్కన పెట్టి వచ్చాను. కంపెనీ వాళ్లిచ్చిన అసలు ఫ్లాపీతో జాతకాల ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాను. చెమట కళ్లలోకి కారుతుంటే మళ్లీ కొట్టాను. పదకొండు. మళ్లీ కొట్టాను. అదే కృత్తిక, అదే పదకొండు. గడియారాలన్న మిషన్ ముందు అగరొత్తి వెలిగించాడు. అయ్యవారు గొడుగు అందుకున్నాడు. రేపు ఈ పాటికి బళ్లారివాడెవడో ఆ కాఫీ తాగుతుంటాడు, వాడు ఒలకబోసుకోడు కూడా అనుకున్నాను. ఏడుపొచ్చింది.

అయ్యవారికి నా మొహం చూసి జాలేసినట్టుంది. గడప దగ్గర ఆగి, “మరిచిపోయే దినమా అది? శుక్రవారం రాత్రంతా వసారాలో కూసున్యా. మూడింటికి పాప ఏడుపు ఇనపడె. తెల్లారి శనివారం, ఒంటిపూట బడి. నిద్ర లేకుండానే పోయినా” అన్నాడు.

తెల్లారి శనివారం! మనకు సరే, తెల్లారేదాకా అది శుక్రవారం రాత్రే. మిషన్‌కు పన్నెండు దాటితే శనివారం. నేను కొట్టిన తేదీకి, ఆ మూడు గంటలు ముందురోజు రాత్రివయ్యాయి. తేదీ ఒకటి పెంచి కొట్టాను. రోహిణి. ఇరవై ఆరు!

విషయం చెప్పేసరికి అయ్యవారికి కోపమొచ్చింది. “సూర్యుడు రాకుండానే దినం మారేదేంటప్పా? అర్ధరాత్రి మారేదానికి దినమేమన్నా దొంగనా?” అని మిషన్‌ను గొడుగుతో చూపించి అడిగాడు. ఆ కోపంలోనే కొత్త కాగితం జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. బళ్లారివాళ్లకు, రావద్దని ఆ సాయంత్రమే కబురు వెళ్లింది.

పెళ్లయింది. మూడో ఏడు మాకు పాప తెల్లవారుజామున పుట్టింది. మా అమ్మ ఆ పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని, పక్కన మా ఆవిడ వింటుండగానే, “నువ్వూ ఇంతే గదరా. మంగళవారం పొద్దంతా, రాత్రంతా నొప్పులు పెట్టి, తెల్లారుజామున నాలుగింటికి పుడితివి” అంది. మిషన్ లెక్కలో అది బుధవారం. మిషన్లో నేను కొట్టుకున్నది మంగళవారం తేదీ! అంటే మా పెళ్లిని నిలబెట్టిన ఇరవై ఆరు గుణాల్లో నా వాటా నాది కాదు, నాకంటే ఒకరోజు ముందు పుట్టిన ఎవడిదో. సరిచేసి చూసే ధైర్యం నాకు రాలేదు. ఒకవేళ పదకొండే వస్తే?

ఇప్పుడు నా ఒళ్లోనే ఒక లాప్‌టాప్ ఉంటుంది. మొన్న మా ఆవిడ పక్కన కూర్చుని, “అత్తమ్మ సెప్పింది నేనూ విన్న్యా గదా. మీ అసలు తేదీ కొట్టండి, సూద్దాం” అంది. నేను గబుక్కున మూత మూసేశాను. “వద్దు. దీంట్లో వైరస్ ఉన్నట్టుంది.”

ఆమె కళ్లజోడు తీసి నన్ను తేరిపార చూసింది. “ఇంగా పోలేదా అది?”

“పోలేదు.”

“ఉండనీలే పాపం, ఇన్నేండ్లుండె. కాఫీ తెస్తా, ఈసారన్నా ఒలకబోసుకోకండి” అని నవ్వి లోపలికి వెళ్లింది. అదే నవ్వు. తప్పంటే ఏమిటో దానికి తెలీదని ఒకప్పుడు గొప్పలు పోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నేనూ నవ్వుకున్నాను, వాడి మీద కాస్త జాలి కూడా కలిగింది. లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, పాత అలవాటు కొద్దీ, పైన తువాలు కప్పాను.