ఓడ ఆగలేదు

నా చిన్నప్పుడు సుల్తానాబాద్‌లో మా గల్లీ మొత్తానికీ సముద్రం చూసినవాడు ఒక్కడే, పక్కింటి చాచా. పెద్ద యుద్ధం నాడు తెల్లవాళ్ల యుద్ధనౌకలో బాయిలరు మండించే పని చేశాడు. ఆ ఓడ ఎక్కడెక్కడ తిరిగిందీ, సరుకు ఓడలకు ఎలా కాపలా కాసిందీ, శత్రువుల ఓడను ఎలా ముంచిందీ, చివరికి పాత ఇనుము కింద ఎలా అమ్ముడుపోయిందీ పిల్లలందరికీ నోటికి వచ్చు. తెల్లవాళ్లదైతేనేం, నిప్పు మా చాచాది కాబట్టి అది మా ఓడేనని మురిసిపోయేవాళ్లం.

ఏటా పీర్ల పండుగకు చాచా తన గుమ్మం ముందు షర్బత్ కుండ పెట్టేవాడు. ఎవరు, ఏమిటని అడగకుండా దారిన పోయే అందరికీ పోసేవాడు. జనం తాగుతూ ఓడ ముచ్చట చెప్పించుకునేవారు. ఊళ్లో ఆయనకున్న గౌరవమంతా ఆ కుండ దగ్గరే.

ఒక యేడు మన దేశానికీ పక్క దేశానికీ యుద్ధం జరిగి పండుగకు ముందే ముగిసింది. రేడియో విని విని ఊరంతా ఊగిపోతోంది. కుండ దగ్గర చాచా, శత్రువుల ఓడను ముంచిన ఘట్టానికి రాగానే కుర్రవాళ్లు ఈలలు వేశారు. ఎప్పుడూ అక్కడే ఆపేసే మనిషి ఆ రోజు ఆపలేదు.

"బాయిలరు కాడ ఊపిరాడక మీదికొచ్చి చూసిన. మునిగిన ఓడోళ్లు నీళ్లల్ల చేతులెత్తి పిలుస్తుండ్రు. ఆగితే మమ్ముల గూడ ముంచుతరని మా ఓడ ఆగలే. వాళ్ల నడుమకెల్లే పోయినం."

గల్లీ పటేలు గ్లాసు కింద పెట్టాడు. "దుష్మన్ల కోసం ఏడుస్తున్నవా? నువ్వెవల దిక్కు సాయబూ?" అన్నాడు. అంతవరకు ఆయనా చాచా అనే పిలిచేవాడు.

"నిప్పేసిన దిక్కే పటేలా. గందుకే నిద్ర పడ్తలేదు."

ఎవరూ ఇంకో గ్లాసు అడగలేదు. ఒక్కొక్కరే జారుకున్నారు. ఎదురింటివాళ్లు సైతం పక్క గల్లీకి పోయి అక్కడి షర్బత్ తాగి వచ్చారు. పొద్దుగూకేదాకా చాచా గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. మా అవ్వ ఒక్కతే చెంబు పట్టుకుపోయి నింపించుకుని వచ్చి, "తాగుండ్రి. గాయన అబద్ధం చెప్పలే" అంటూ మాకు పోసింది.

మరుసటి ఏడు చాచా కుండ పెట్టలేదు. ఓడ ముచ్చట కావాలని ఎవరూ అడగనూ లేదు. అదే మనుషులు ఆయన చావుకు వచ్చి ఎంత మంచోడో అని చెప్పుకున్నారు.

ఇప్పటికీ టీవీలో ఏదో ఓడ మునిగిందని చెబితే, "నీళ్లల్ల పడ్డోళ్లను తీసిండ్రా?" అని అడుగుతాను. మా మనుమడు విసుక్కుని సౌండు పెంచుతాడు. నేను ఇంకా గట్టిగా అడుగుతాను.