ముట్టుకోవద్దన్న మిషను

“నేను వచ్చేదాకా ఆ మిషన్ను ముట్టుకోవద్దమ్మే. పొద్దున్నే అంతా తుడిచేసినా.”

“నాకేం పనిలేదా దాన్ని ముట్టుకునేదానికి? టిఫిన్ డబ్బా మర్చిపోవద్దు. పోయిరాప్పా.”

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. కాడుగోడిలో ఒక చిన్న బడిలో ఆయన పిల్లలకు కంప్యూటరు నేర్పేవాడు. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు. గుండె. డబ్బా మూత కూడా తీయలేదు.

నేను చెబుతుంటే దీన్ని రాస్తున్నది మా ఆడబిడ్డ కూతురు. వైట్‌ఫీల్డులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తుంది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. సంతకం పెడతాను, బస్సు బోర్డు చదువుతాను, పేజీ చదవమంటే మాత్రం పొద్దుగూకుతుంది. ఆసుపత్రిలో ఆపరేషన్ సామాను కడిగి, సెట్లుగా గుడ్డలో కట్టి, ఆవిరిలో పెట్టే గదిలో పనిచేస్తాను.

బడి పని కాక ఆయనకు ఇంకో పని ఉండేది, జీతం లేనిది. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో కలిసి లినక్స్ అని ఒకటి తయారుచేసి ఊరికే ఇస్తారు. కంప్యూటరు నడవడానికి కావలసినవన్నీ అందులో విడివిడిగా కట్టి ఉంటాయి. వాళ్లు ప్యాకేజీలంటారు, మా ఇంట్లో మూటలే. ఒక్కో మూటకు ఒక్కో మనిషి కాపలా. అన్నీ కుదిరాక కొత్త విడుదల వస్తుంది. దానికి ముందు ఒకరోజు తలుపు మూసేస్తారు. అప్పటికి బాగుపడని మూటను, దిక్కులేని మూటను బయటే వదిలేస్తారు. మా ఆయన చేతిలో ఉన్నది తెలుగును పైకి చదివే గొంతు.

దాన్ని మొదలుపెట్టింది నా కోసమే. ఆదివారం చర్చి నుంచి రాగానే నన్ను ఇంట్లో ఉన్న కంప్యూటరు మిషను ముందు కూర్చోబెట్టి వినిపించేవాడు.

“ఎట్లుండాది?”

“జలుబు చేసిన పాస్టరుగారి మాదిరి ఉండాదప్పా.”

“ఉండు, ఆయనకే చెప్తా.”

నవ్వేవాడు, మళ్లీ సరిచేసేవాడు. పోనుపోను కీర్తనలు, పేపరు, మా అక్క పంపే పొడుగాటి మెసేజీలు, అన్నీ అదే చదివిపెట్టేది. తల నెరిశాక, ఇంకొకరిని బతిమాలకుండా నా అంతట నేను చదువుకోవడం నాకు అలా వచ్చింది.

ఆయన పోయాక మిషను మీద దుప్పటి కప్పేశాను. ముట్టుకోనన్నాను, ముట్టుకోలేదు. కొన్నాళ్లకు ఈ పిల్ల వచ్చి వాళ్ల మామకు వచ్చిన మెయిళ్లు తన ఫోనులో తెరిచి, ఒకటికి రెండుసార్లు చదివింది.

“ఏం రాసినారే?”

“గొంతు మూటలో తప్పుండాదంట అత్తా. కొత్తగా వేసుకున్నోళ్లకి పలకట్లేదంట. చూస్తానని మామ చెప్పినాడు. ఇప్పుడు చూసేవాళ్లే లేరు కదా, ఈ విడుదలలో నుంచి తీసేస్తామంటున్నారు.”

“మన మిషన్లో బాగానే పలికేదే!”

“అదే కదా తంటా. మామ దాంట్లో పలికేది, వాళ్ల దాంట్లో పలకదు. అందుకే మామ ఆ పొద్దున అంతా తుడిచేసి, కొత్తగా వేసి చూద్దామనుకున్నాడు.”

ముట్టుకోవద్దన్నది అందుకన్నమాట. దుప్పటి లాగేశాను. “ఇంక ముట్టుకోవాల్సిందే. వెయ్యి.”

వేసింది. తెర మీద తెలుగు అక్షరాలు బ్రహ్మాండంగా వచ్చాయి. గొంతు మాత్రం రాలేదు. ఆ గొంతు బయట ఉండిపోతే నా చదువూ అంతటితో సరి.

“తలుపు ఎప్పుడు మూస్తారు?”

“వచ్చే ఆదివారం. కానీ అత్తా, ఇది సుమ్నే, ఊరికే ఒక్కరోజులో అయ్యే పని కాదు. సరిచేసినా కాపలాకి ఎవరో పేరియ్యాల. ఏళ్లకేళ్లు మెయిళ్లకు జవాబులు రాయాల. నాకు ఆఫీసులోనే ఊపిరాడట్లేదు.”

“నా పేరియ్యి.”

“నీ పేరా! ఇంగ్లీషులో మెయిలొస్తే ఏం చేస్తావు?”

“నువ్వు చదివి చెప్పు, నేను జవాబు చెప్తా, నువ్వు కొట్టు. మీ మామ మటుకు అంతా ఒక్కడే చేసినాడా? ఇన్నాళ్లూ కూచొని వినింది ఎవరే?”

“నిన్ను పెట్టుకుంటే వాళ్లకి బాగయితాదిలే,” అని నవ్వింది. నవ్వింది కాబట్టి ఒప్పుకున్నట్టే.

రోజూ ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికే వచ్చి తప్పెక్కడుందో వెతికింది. దొరకలేదు. చివరికి విసుగొచ్చి, “పలికే మిషను ఒకటుంటే పక్కన పెట్టుకొని, దాంట్లో ఏముండాది, దీంట్లో ఏం లేదు అని చూడొచ్చు. మామ ఉన్నదాన్ని తుడిచేసి కూచున్నాడే!” అంది.

“బడిలో ఉండాది,” అన్నాను. పిల్లలకు వినిపించడానికి అక్కడా ఒకదాంట్లో వేశానని ఆయన నాతో అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి ఇద్దరం బడికి వెళ్లాం. ఆయన పోయాక నేను ఆ మెట్లెక్కడం అదే మొదలు. స్టాఫ్ రూము దాటేటప్పుడు తల అటు తిప్పలేదు. కంప్యూటరు గదికి తాళం వేసి ఉంది. కొత్త సారు వచ్చాక రమ్మంది హెడ్మిస్ట్రెస్.

“ఆయన వచ్చేసరికి తలుపు మూసేస్తారు మేడం. ఈరోజంతా నాకు సెలవే. తాళం ఇచ్చేదాకా ఈ బెంచీ మీదే కూచుంటా.”

ఆవిడ బీరువా తెరిచింది. తాళం ఇచ్చింది, వెనకాలే కాఫీ కూడా పంపింది.

ఆ మిషను పలికింది. మా ఆయన పరీక్షకు పెట్టుకున్న మాట అందులో అలాగే ఉంది: “కాడుగోడి వచ్చే రైలు ఆలస్యంగా నడుస్తున్నది.” అదే జలుబు గొంతు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పిల్ల మాత్రం తల ఎత్తకుండా, ఇంటి నుంచి తెచ్చుకున్న జాబితా పక్కన పెట్టుకొని రెండు మిషన్లలో ఉన్నవాటిని ఒకటొకటిగా పోల్చుకుంటూ పోయింది.

“దొరికింది అత్తా! ధ్వనులుండే చిన్న ముక్క ఒకటి. ఎప్పుడో మామ చేత్తో వేసుకున్నాడు, ఇక్కడా ఇంట్లో కూడా. మూటతోపాటు అది కూడా రావాలని రాయడం మర్చినాడు.”

ఆసుపత్రిలో మా గదిలోనూ ఇంతే. ఒక కత్తెర ఎప్పుడూ సొరుగులోనే ఉంటే, సెట్టులో దాన్ని కట్టలేదన్న సంగతి ఎవరికీ తట్టదు. ఆ సెట్టు ఇంకో థియేటరుకు వెళ్లినప్పుడే గోల.

ఒక్క వరస రాసింది పిల్ల. ఇంటికొచ్చి మిషన్ను మళ్లీ తుడిచి, వేస్తూ, “అయ్యేదాకా ముట్టుకోవద్దు అత్తా,” అంది. చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను.

కాడుగోడి వచ్చే రైలు మా ఇంట్లో కూడా ఆలస్యంగానే నడిచింది.

పంపాం. తలుపు మూయకముందే తీసుకున్నామని ఆ లినక్స్ గుంపులో పెద్దాయన ఒకరు రాశారు. మూట కాపలాకి మా ఆయన పేరు కింద నా పేరు పెట్టారు. కొత్తగా కాపలాకి వచ్చిన నేను ఎవరో నాలుగు ముక్కల్లో చెప్పమన్నారట. అందుకే ఇదంతా చెబుతున్నాను. ఏమే, నాలుగు ముక్కలు దాటిపోయిందని రాస్తున్న నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. కుదించావంటే ఊరుకోను.

ఏదీ, రాసింది మొదటి నుంచి చదువు. మిషను చేత చదివించొద్దు, నువ్వే చదువు. నేను చెప్పిందీ చెప్పనిదీ అది ఒకే మాదిరి చదివేస్తుంది. నువ్వు ఏదైనా మార్చి ఉంటే అక్కడ నీ గొంతు తడబడుతుంది, నాకు తెలిసిపోతుంది. ఊఁ, చదువు.