కొలవకుండా రాసిన అంకెలు

ఆ దర్జీ ఆవిడ పిల్లిని పెంచుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. పదేళ్ల కిందట కుట్టుమిషన్ పక్కన గుడ్డముక్కల బుట్టలోకి వచ్చి పడుకుంటే, లేపబుద్ధి కాక వదిలేసింది. తిండి దగ్గర దాని దర్జా చూసి ఆమె భర్త ‘పెద్దాయన’ అని పేరు పెట్టాడు.

కిందటేడు పెద్దాయనకు షుగర్ వచ్చింది. పన్నెండు గంటలకోసారి ఇన్సులిన్ వేయాలి. దానికి ముందు చెవి అంచున సూదితో గుచ్చి, రక్తపు చుక్కను మీటర్‌కు తాకించి, వచ్చిన అంకెను నోట్‌బుక్‌లో రాయాలి. ఏడు నెలలు అంతా ఆమే చేసింది. ఒక్కపూట ఆలస్యంగా లేచింది లేదు, ఎవరింటికీ వెళ్లి ఉన్నది లేదు.

బడులు తెరిచే ముందు నూట నలభై జతల యూనిఫాంలు మీద పడ్డాయి. ఆమె మెడ పట్టేసింది.

“ఈ పది రోజులూ వాణ్ణి నేను చూసుకుంటాలే. నువ్వు మిషన్ మీంచి లేవకు,” అన్నాడు భర్త. రిటైరైన బస్సు డ్రైవరు, చెప్పింది చేసే మనిషి.

పడుకోబోయే ముందు ఆమె నోట్‌బుక్ వైపు ఓ చూపు పడేసేది. రెండొందల పది, నూట తొంభై అయిదు, రెండొందల ఇరవై. ఫరవాలేదనుకునేది.

తొమ్మిదో రోజు పొద్దున పెద్దాయన గిన్నె ముట్టలేదు. ఎత్తుకుంటే నోట్లోంచి గోళ్లరంగు తుడిచే మందులాంటి వాసన వచ్చింది. ఇలా వస్తే ప్రమాదమని పశువుల డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచిన వాసన. ఇసుక తొట్టి దగ్గర కాపుకాసి, పాత గరిటెలో మూత్రం పట్టి, కీటోన్లు చూసే పరీక్ష పట్టీ ముంచింది. లేతరంగు పట్టీ చూస్తుండగానే వంకాయ రంగుకు తిరిగింది.

ఆస్పత్రిలో షుగర్ అయిదొందలు దాటింది. డాక్టరమ్మ నోట్‌బుక్ తిరగేసింది.

“ఒంట్లో ఇన్సులిన్ లేకపోతే కొవ్వు కరిగి కీటోన్లు పేరుకుంటాయమ్మా. ఈ అంకెలకి ఇంత దూరం రాకూడదే. మందు ఎక్కడ పెడుతున్నారు?”

“ఫ్రిజ్‌లో, బాగా వెనక్కి జరిపి పెట్టాను,” అన్నాడు భర్త.

“అక్కడ గడ్డకట్టి ఉంటుంది. ఒకసారి గడ్డకడితే ఇక అది పనిచేయదు.”

పెద్దాయనను లోపలికి తీసుకెళ్లారు. వరండాలో బెంచీ మీద భర్త తన చేతులవంక చూసుకుంటూ కూర్చున్నాడు.

“మొదటి రోజు ఒక్కసారే గుచ్చాను. వాడు అరిచిన అరుపుకి చెయ్యి ఆడలేదు. ఇంజెక్షన్ ఒక్కపూట కూడా తప్పలేదు. అంకెలు మాత్రం... పాత పేజీలు చూసి రాశాను.”

ఆమెకు కోపం రావాల్సింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి.

“చలికాలంలో నేనూ ఓ పూట అలాగే రాశానండీ,” అంది.

“ఎంతని?”

“రెండొందలని.”

నాలుగు రోజులు సెలైన్ మీద ఉండి పెద్దాయన ఇంటికి వచ్చాడు, చిక్కి సగమై, ముందుకాలి మీద బొచ్చు గొరిగించుకుని. యూనిఫాంలు ఆలస్యమైనందుకు బడివాళ్లు నాలుగు మాటలన్నారు. పడింది.

ఇప్పుడు ఇద్దరూ కలిసే చేస్తారు. భర్త మొహం పక్కకు తిప్పుకుని పిల్లిని పట్టుకుంటాడు, ఆమె గుచ్చుతుంది. అయ్యాక ఆయన మోకాళ్లు సహకరించక నేలమీదే ఉండిపోతాడు. ఆమె కూడా పక్కనే కూలబడుతుంది. స్టవ్ వెలిగించడానికి ఇంకో పది నిమిషాలు పడుతుంది.