సుందరమ్మ బొటనవేలు

ముందే చెబుతున్నాను, దయ్యాలనూ మహిమలనూ నేనెప్పుడూ నమ్మలేదు. ముప్పై రెండేళ్లు బోధన్‌లో డాక్టర్‌గా చేశాను. చెరకు సీజన్‌లో లారీల కింద పడ్డ శవాలకు పోస్ట్‌మార్టం చేసి, ఆ పక్క గదిలోనే టిఫిన్ బాక్సు విప్పిన రోజులున్నాయి. "మీ హస్తవాసి మంచిది సార్" అని ఎవరన్నా అంటే ఒళ్లు మండేది. పని చేసేది మందు, నా చెయ్యి కాదు.

తొంభైల చివర్లో రిటైరై నిజామాబాద్‌కు మారాను. బొమ్మలు వేయాలని చిన్నప్పటి కోరిక. గేటుకు డాక్టర్ బోర్డు పెట్టకుండా, ముందు గదిలో ఆయిల్ పెయింట్లు మొదలుపెట్టాను. మిగిలిన బతుకంతా ఆర్టిస్టునే అనుకున్నాను.

మొదట కూర్చోబెట్టింది సుందరమ్మను. బోధన్ ఆస్పత్రిలో నా దగ్గర ఇరవై ఏళ్లు ఆయాగా చేసింది. నేను డ్రెస్సింగ్ చేస్తుంటే ట్రే పట్టుకుని నిలబడేది ఆమే. షుగర్ వల్ల ఎడమ కాలి బొటనవేలికి పుండు పడి ఏడాదిగా మానలేదు. వేలు తీసేయాల్సి వస్తుందని భయపడుతోంది. నాలుగు రోజులు పొద్దున పూట వేశాను. వేలికున్న తెల్లటి కట్టు బొమ్మ మొత్తాన్ని చెడగొడుతోందని దాన్ని వదిలేసి, మామూలు వేలు వేశాను. అంతకుమించి నాకే ఉద్దేశమూ లేదు.

రెండు వారాలకు ఆమె బోధన్ బస్సు దిగి, కట్టు లేకుండా నడిచొచ్చింది. పుండు పూర్తిగా మానింది. మందులు మారాయా, షుగర్ తగ్గిందా అని ఆరా తీశాను. ఏదీ మారలేదు.

ఆ మాట ఆమె చర్చిలో చెప్పింది. ఇంకేముంది, నా గేటు ముందు జనం. ఒక్కరూ బొమ్మ ఎలా ఉందో చూడరు. మాక్లూర్ నుంచి వచ్చిన పసుపు రైతు ఒకాయన నడుం నొప్పికని బొమ్మ వేయించుకుని, "సార్, గీ బొమ్మ తినకముందు సూడాల్నా, తిన్నంక సూడాల్నా?" అని అడిగాడు. తల కొట్టుకున్నాను. ఆయన నొప్పి తగ్గలేదు. ఇంకో పదిమందికీ ఏమీ తగ్గలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. సుందరమ్మది కాకతాళీయమేనని తేల్చుకున్నాను.

నెల తిరక్కుండా, నా గోడకున్న ఆమె బొమ్మలో, ఆ వేలి మీద నల్ల మచ్చ కనబడింది. గోడ చెమ్మ అనుకుని గీకి, మళ్లీ రంగు వేశాను. వారానికి అక్కడే వచ్చింది. బొమ్మను వేరే గదికి మార్చాను, కొత్త రంగులు కొన్నాను. మచ్చ వస్తూనే ఉంది, సరిగ్గా పుండున్న చోటే. సుందరమ్మ మాత్రం నిక్షేపంగా తిరుగుతోంది.

అంతలో హైదరాబాద్‌లో చిత్రకారుల శిబిరానికి పిలుపొచ్చింది. నన్ను ఆర్టిస్టు అని రాసిన మొదటి ఉత్తరం అది. ఎంత సంతోషపడ్డానో! ఇరవై రోజులుండి తిరిగొచ్చి చూస్తే, బొమ్మలో వేలంతా నల్లగా ఉంది. అప్పుడే సుందరమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అవ్వ ఏలు మళ్ల నల్లగైంది సార్. రేపు తీసేస్తమంటున్నరు."

సిగ్గుపడుతూనే చెబుతున్నాను. చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని ఆ వేలు మళ్లీ వేశాను. మరునాడు ఆపరేషన్ వాయిదా వేశారు. వారంలో నలుపు దిగిపోయింది.

అప్పటి నుంచి నాకు శిబిరాలు లేవు, ప్రదర్శనలు లేవు. ప్రతి శనివారం పొద్దున ఆ వేలు గీకి రంగు వేస్తాను. డ్రెస్సింగుల పీడ వదిలిందని రిటైరైన మనిషిని, బొమ్మకు డ్రెస్సింగ్ చేస్తున్నాను. ఎందుకిలా జరుగుతోందో నాకిప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లుంటే చెప్పండి. ఒక వారం మానేసి చూడమని మాత్రం చెప్పకండి.

మొన్న శనివారం సుందరమ్మ వచ్చింది. రంగుల పళ్లెం అందుకుని, పాత అలవాటు ప్రకారం నా ఎడమ పక్కన నిలబడింది. పనయ్యాక బొమ్మను చాలాసేపు చూసింది. ఇన్నేళ్లలో నా బొమ్మను బొమ్మగా చూసింది ఆమె ఒక్కతే.

"ఏలు మంచిగొచ్చింది సార్. మొకమే నా లెక్క లేదు" అంది.